పావగడకు తుపాను వచ్చు త్రోవ

బంగాళాఖాతపు తీరమునకు పడమరగా దాదాపు 300 కిలోమీటర్ల దూరమున, సముద్రమట్టమునకు 600 మీటర్లకు పైబడిన యెత్తున, ఇంచుమించుగా అన్ని వైపుల ఆంధ్రదేశము చుట్టుకొనియుండగా కర్ణాటక రాష్ట్రములోని తుమకూరు జిల్లాకు చెందియున్న పావగడ తాలూకాలో, పుట్టి బుద్ధి యెరిగినది మొదలు సముద్రమును కన్నులజూడని వృద్ధులు పెక్కురు కలరు. అయినను ఆశ్వయుజము గడచి కార్తికము ప్రవేశించునప్పటికి, ఆ సముద్రమున ఏమి జరుగుచున్నదో తెలిసికొనవలెనను ఆతురత నెల్లూరు, మచిలీపట్నముల వారికెంత యుండునో వీరికిని అంతయే యుండును. నైరుతి ఋతుపవనము పడమటి కనుమలను దాటి ఈ మెట్టకు చేరునప్పటికి తన బరువంతయు కొడగు కొండలలోను, మలెనాటి అడవులలోను దింపుకొని వచ్చును. ఇక్కడికి దక్కునది ఒట్టి గాలి. ఏడాది మొత్తమునకు ఐదారు వందల మిల్లీమీటర్లు దాటని వానలో పెద్ద పాలు సెప్టెంబరు, అక్టోబరు మాసములలోనే పడును. చెరువు నిండి మరవ పారు వాన మాత్రము చాలవరకు తూర్పు సముద్రపు అల్పపీడనములు పంపినదే. స్వాతి వానకు సముద్రములు నిండునని పెద్దలు చెప్పు సామెతను ఇక్కడివారు తలక్రిందుగా అనుభవింతురు: సముద్రము కదిలిననే వీరి స్వాతి నిండును.

పావగడ పట్టణములో టీ అంగడి బల్లమీద కన్నడ పత్రికయు తెలుగు పత్రికయు ప్రక్కప్రక్కనే పడియుండును. బడిలో చదివినది కన్నడము, ఇంట మాటలాడునది తెలుగు గనుక ఇక్కడి రైతు రెంటిని చదువగలడు. తుపాను వార్తకు మాత్రము ముందుగా తెలుగు పత్రికనే అందుకొనును. అందులకు హేతువు భాషాభిమానము కాదు. వాతావరణ శాఖవారి విభజనలో పావగడ 'దక్షిణ అంతర్గత కర్ణాటక'లోనిది. వానలో మునిగి తేలు కొడగును, వాన కొరకు మొగము వాచియుండు పావగడయు అందులో ఒకే కుదురున ఇమిడియున్నవి. ఆ విభాగమునకు 'మోస్తరు వర్షము' అని చెప్పిన మాటలో తన వంతెంతయో ఈ రైతునకు తెలియదు. 'రాయలసీమలో విస్తారముగా వానలు' అని చదివెనా, అది తన ఆకాశమును గూర్చిన మాటయే యని గ్రహించును. రాష్ట్రముల సరిహద్దును గీసినవారు నేలను చూచి గీసిరి గాని, నింగిని చూచి గీయలేదు.

"ఏమన్నా, తుపాను యాడికి పోతాందంట?"

"నెల్లూరు పక్కకంటప్పా."

"అట్లయితే మనకూ నాలుగు చినుకులు పడతాయిలే."

ఒడిశా పక్కకు మళ్లిందట యని వినబడినచో ఆ సంభాషణము అంతటితో ఆగిపోవును, పత్రిక మడతపడును. నాలుగు చినుకుల కొరకు మరియొకచోట ఎవరి యింటి కప్పో ఎగిరిపోవలసియున్నదను సంగతి ఆ బల్లమీద కూర్చున్నవారికి తెలియనిది కాదు. తుపాను రాకను కోరుకొను మనుష్యులున్నారని వినినచో కోస్తావారు విస్తుపోవుదురు, కొందరు కోపింతురు కూడ. కాని నిదానించి చూచినచో ఈ నేల కోరునది తుపానును కాదు, దాని శేషమును. తీరమును తాకి, కోరలు విరిగి, గాలి చచ్చి, నీరు మాత్రము మిగిలిన ముసురు ఏది కలదో, అది వీరికి కావలయును. ఆ శేషమైనను ఎల్లప్పుడును సాధువుగా వచ్చునా యన్న ప్రశ్నకు సమాధానము ఈ కథనములోనే ముందు రాగలదు.

పుట్టుక

తుపాను పుట్టుటకు మొదట కావలసినది వేడి. సముద్రపు పైపొరల నీరు చాలినంత లోతు వరకు 26.5 డిగ్రీల సెల్సియస్‌కు మించి వెచ్చబడియున్నప్పుడు, దానిపైనున్న గాలి ఆవిరిని త్రాగి తేలికయై పైకి లేచును. పైకి లేచినకొలది చల్లబడి, ఆ ఆవిరి మరల నీటిబొట్లుగా మారును. అట్లు మారునప్పుడు తాను సముద్రమునుండి గ్రహించి దాచియుంచిన గుప్తోష్ణమును విడిచిపెట్టును. ఆ వేడికి చుట్టునున్న గాలి మరింత వెచ్చబడి మరింత వేగముగా ఎగయును. ఎగసినచోట పీడనము తగ్గుటచే నలుప్రక్కల గాలి ఆ కొరతను తీర్చుటకై పరుగెత్తివచ్చును. అట్లు పరుగెత్తు గాలి తిన్నగా పోయి కేంద్రమును చేరగలిగినచో కొరత తీరి కథ ముగిసియుండెడిదే. భూమి తన యిరుసుమీద తిరుగుచుండుటచే ఆ గాలి ఉత్తరార్ధగోళమున కుడివైపునకు ఒరగి, కేంద్రము చుట్టును అప్రదక్షిణముగా సుడులు తిరుగసాగును. భూమధ్యరేఖ కడ ఈ ఒరపు లేదు; కనుకనే దానికి ఐదు డిగ్రీల లోపల తుపానులు పుట్టుట మిక్కిలి యరుదు. పైయాకాశమున ఒక దిక్కునకును, క్రిందియాకాశమున మరియొక దిక్కునకును బలమైన గాలులు వీచుచున్నచో సుడి నిలువునా చీలిపోవును. అందుచేతనే నైరుతి ఋతుపవనము ఉద్ధృతముగా నుండు జూలై, ఆగస్టు మాసములలో బంగాళాఖాతమున వాయుగుండములు లేచినను ఘోరమైన తుపానులుగా ఎదుగజాలవు. ఋతుపవనమునకు ముందు ఏప్రిలు, మే మాసములును, వెనుక అక్టోబరు మొదలు డిసెంబరు వరకును వాటికి అనువైన కాలము.

గాలి వేగము గంటకు 31 కిలోమీటర్లకు చేరువరకు అది అల్పపీడనము. 49 వరకు వాయుగుండము. 61 వరకు తీవ్ర వాయుగుండము. 62 చేరినచో తుపాను. తుపాను అయిన పిమ్మటనే దానికి పేరు పెట్టుదురు. మన సముద్రములలో ఈ ఆచారము 2004 లోనే మొదలైనది. 2020లో ప్రకటించిన పట్టికలో 13 దేశములవారు ఇచ్చిన 169 నామధేయములున్నవి. 89 దాటినది తీవ్ర తుపాను, 118 దాటినది అతి తీవ్రము. ఆపైన మరి రెండు మెట్లెక్కి 222 కిలోమీటర్లు అందుకొన్నదానిని 'సూపర్ సైక్లోన్' అందురు. అట్లాంటిక్ తీరములవారు హరికేన్ అనియు, చైనా, జపానుల వారు టైఫూన్ అనియు చెప్పునది ఈ భూతమునే. గాలివేగమును బట్టి యేర్పడిన ఈ మెట్లు ఓడల నడిపించువారికిని, తీరవాసులకును ఎంతో ఉపయుక్తములు; పావగడవంటి చోట్ల మాత్రము, ముందు చెప్పబోవునట్లు, ఇవి దారితప్పించుటయు కలదు.

ఎదిగిన తుపాను నడుమ నేత్రమొకటి తెరచుకొనును. దాని చుట్టును గోడవలె నిలిచిన మేఘములలో గాలి పరమోగ్రముగా నుండగా, నేత్రమున మాత్రము గాలి నిలిచి, ఒక్కొక్కప్పుడు నక్షత్రములు కూడ కనబడును. ఆ నెమ్మదిని నమ్మి ఇల్లు వెడలి బయటికి వచ్చినవారిని, నేత్రము దాటిన వెంటనే వెనుదిరిగి ఎదురుదిక్కునుండి వీచు గాలి పడగొట్టిన కథలు మన తీరమున ప్రతి తరమునందును కలవు.

1977, నవంబరు 19

తీరము దాటుచోటును, నాశనము సంభవించు చోటును ఒక్కటి కానక్కరలేదని తెలుగు దేశమునకు శాశ్వతముగా నేర్పిన తుపానునకు పేరు లేదు. 1977 నవంబరులో అండమాను దీవుల వైపున పొడసూపి, పడమటికి నడచి, ఉత్తరమునకు మళ్లి, 19వ తేదీ శనివారమునాడు అది చీరాల, నిజాంపట్నముల ప్రాంతమున నేలనెక్కినది. ముందునకు నడచు తుపానునకు కుడిప్రక్కన, సుడిగాలి వేగమునకు దాని నడక వేగము తోడగును. ఎడమప్రక్కన ఆ మేరకు తగ్గును. కుడిప్రక్క గాలియే సముద్రమును నేలమీదికి త్రోయును. ఎడమప్రక్క గాలి దానిని వెనుకకు లాగును. చీరాలకు కుడివైపున నున్నది కృష్ణానది రెండు పాయల నడుమనున్న దివిసీమ. మన తీరమున సముద్రపు అడుగు మిట్టగా, లోతు తక్కువగా నుండుటచే, త్రోయబడిన నీరు క్రిందికి జారుటకు చోటులేక పైకి లేచినది. ఐదు మీటర్లకు మించిన యెత్తున ఉప్పెన లేచి, పాలకాయతిప్ప, సొర్లగొంది, హంసలదీవి, నాగాయలంక, కోడూరు గ్రామసీమల మీదుగా లోపలికి వచ్చినది. ప్రభుత్వపు లెక్క ప్రకారమే పదివేల మంది ప్రాంతమున మరణించిరి. అంతకు మించియుందురని ఆ సీమవారు నేటికిని చెప్పుదురు. ఆనాడు గాలికి చచ్చినవారికంటె నీటికి చచ్చినవారే హెచ్చు. నందమూరి తారకరామారావు, అక్కినేని నాగేశ్వరరావు మొదలైన నటులు బాధితుల కొరకు విరాళములు పోగుచేయుట నాటి వారికి ఇంకను జ్ఞాపకము.

దివిసీమ మొదటిదియు కాదు. 1864 నవంబరు 1న మచిలీపట్నముపై ఉప్పెన వచ్చి ముప్పదివేల మందిని పొట్టనబెట్టుకొన్నది. అంతకు పూర్వము 1789లో గోదావరి ముఖమునందలి కోరంగి రేవు మూడు మహాతరంగములకు మునిగిన వృత్తాంతమును, కలకత్తాలో తుపానులపై పరిశోధన చేసి 'సైక్లోన్' అను పేరును లోకమునకిచ్చిన హెన్రీ పిడింగ్టన్ తన గ్రంథమున ఎక్కించినాడు. 1864లోనే అక్టోబరు 5న కలకత్తాను కూల్చిన తుపాను పిమ్మట రేవులలో హెచ్చరిక సంకేతములు ఎగురవేయు పద్ధతియు, 1875లో భారత వాతావరణ శాఖయు ఏర్పడినవి. తదుపరి రాడార్లు, ఉపగ్రహములు వచ్చినవి. 1990 మేలో కృష్ణాతీరమును, 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుపానులలో వేయేసి మంది ప్రాంతమున మరణించిరి. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ వచ్చునప్పటికి లక్షలాది జనులను ముందుగనే కదలించి ప్రాణనష్టమును పదుల సంఖ్యకు దించగలిగిరి. తీరమున మనుష్యుడు సాధించిన ఈ విజయము చిన్నది కాదు. దానికి దక్కవలసినంత కీర్తి దక్కలేదనియే నా యభిప్రాయము. చావని వానిని గూర్చి పత్రికలు వ్రాయవు గదా.

పినాకిని ఎదురుదారి

పావగడకును సముద్రమునకును గల బంధుత్వము గాలిలోనే కాదు, నేలమీదను కలదు. నంది కొండల ప్రాంతమున పుట్టిన ఉత్తర పినాకిని, అనగా జనుల నోటి పెన్న, గౌరీబిదనూరు మీదుగా ఉత్తరమునకు పారి, హిందూపురము సీమలో ఆంధ్రమున ప్రవేశించి, మరల ఒకమారు కన్నడ రాజ్యమునకు వచ్చి, పావగడ తాలూకాలోని నాగలమడికె సుబ్రహ్మణ్యస్వామి పాదముల చెంతగా సాగి, పేరూరు ఆనకట్ట వైపున తిరిగి ఆంధ్రములోనికి పోవును. అటుపిమ్మట తాడిపత్రి, గండికోట, సోమశిల, నెల్లూరు దాటి, 597 కిలోమీటర్ల పయనము ముగించి, ఊటుకూరు కడ బంగాళాఖాతమున కలియును. నెల్లూరు తీరమున నేలనెక్కిన తుపాను పడమటికి నడచినచో, ఏరు దిగిన త్రోవనే అది ఎక్కివచ్చుచున్నట్లుండును. కుక్కె, ఘాటి క్షేత్రములతో కలిపి చెప్పుకొను సుబ్రహ్మణ్య స్థలములలో మూడవదైన నాగలమడికెలో పుష్య శుద్ధ షష్ఠినాడు తేరు లాగుదురు. ఏడాదిలో పెక్కు నెలలు ఇసుక మాత్రమే కనబడు ఆ యేటిలో, ఆనాటికి భక్తుడు మునుగుటకు నీరున్నదా, కాళ్లు తడుపుకొనుటకు గుంట యైన లేదా యనునది, ఆ యేడు తూర్పు సముద్రము ఎట్లు మెలగినదో చెప్పు లెక్క.

ఆ సముద్రము ఇటు చూడని యేడు ఎట్లుండునో పావగడవారికి మరియొకరు చెప్పనక్కరలేదు. పట్టణములోని శనిమహాత్ముని దేవాలయమునకు నేడు దూరదేశములనుండి జనులు వచ్చుచున్నారు. అక్కడ మొదట వెలసినది శీతలాంబ యనియు, కరవుకాటకములు, వ్యాధులు పీడించిన కాలమున శాంతికొరకై ఆ తల్లిని ప్రతిష్ఠించిరనియు స్థలకథ. అట్టి కాటకములలో జనుల నోట నేటికిని నిలిచియున్నది ధాత కరువు. 1876వ సంవత్సరము ధాతనామ సంవత్సరము. ఆ శరత్తున ఈశాన్య ఋతుపవనము మైసూరు సంస్థానమును, దత్తమండలములను మరచినది. రెండేండ్లలో మైసూరు జనాభాలో దాదాపు ఐదవ వంతు క్షయించినది. ఆ యేడే, ఆ శరత్తుననే, అక్టోబరు 31 రాత్రి, అదే బంగాళాఖాతమునుండి లేచిన తుపానొకటి ఉత్తరమునకు పోయి, మేఘనా నది ముఖమున బాకర్‌గంజ్ సీమను ముంచినది. ఉప్పెనలోను, దాని వెనుక వచ్చిన విషూచి మొదలైన రోగములలోను రెండు లక్షల మంది వరకు చనిపోయిరని చరిత్ర. ఒకచోటికి రావలసిన నీరు మరియొకచోటికి పోయి ముంచినదని చెప్పుట శాస్త్రము కాదు. ఆ కరవునకు మూలములు పసిఫిక్ మహాసముద్రపు జలముల వేడిమిలో నుండెనని నేటి శాస్త్రజ్ఞులు తేల్చిరి. ఆ రెండు వార్తలను ఒకే పుటలో ప్రక్కప్రక్కన చదివినవాడు మాత్రము, టీ అంగడిలో 'ఒడిశా పక్కకు మళ్లిందంట' అనగానే పత్రిక మడచిన రైతును నిర్దయుడని అనజాలడు.

శేషము

నేలనెక్కిన తుపానునకు ఆవిరియను ఆహారము తెగిపోవును. కొండలు, చెట్లు, గుట్టలు దాని గాలిని అడ్డగించును. వెలిగొండలు, పాలకొండలు దాటి పీఠభూమి నెక్కునప్పటికి అది మెట్టుమెట్టుగా దిగి, తుపాను వాయుగుండమై, వాయుగుండము అల్పపీడనమై, ఒక్కొక్కప్పుడు పటములో గుర్తించుటకు కూడ వీలులేని మసకయై మిగులును. 2018 నవంబరులో వేదారణ్యము కడ తీరము దాటిన గజ తుపానువలె కొన్ని ద్వీపకల్పమును అడ్డముగా దాటి, అరేబియా సముద్రమున దిగి, అక్కడ మరల ఊపిరి పోసికొనుటయు కలదు. వాతావరణ శాఖవారు నాలుగు దశలలో హెచ్చరికలు చేయుదురు; మొదటి మూడును తీరవాసుల కొరకు ఉద్దేశింపబడినవి. తీరము దాటుటకు పన్నెండు గంటలు ముందుగా వెలువడు నాల్గవదియైన 'తీరము దాటిన పిమ్మటి స్థితి'లోనే లోనాటి జిల్లాల ప్రసక్తి వచ్చును. అప్పటికి టెలివిజన్‌వారు ఎగసిపడు అలలముందు నిలిచియుందురు గనుక ఆ నాల్గవ హెచ్చరికను చదువు తీరిక ఎవరికిని ఉండదు.

దాని ఫలమెట్టిదో 2021లో తెలిసినది. ఆ యేడు నవంబరు 19న తెల్లవారుజామున పుదుచ్చేరి, చెన్నపట్టణముల నడుమ తీరము దాటినది తుపాను కాదు, కేవలము వాయుగుండము. పేరు పెట్టదగినంత గాలి కూడ దానికి లేదు. దివిసీమ ఉప్పెనకు సరిగా నలుబది నాలుగేండ్లు నిండిన దినమది. ఆ వాయుగుండము తాను మోసికొని వచ్చిన నీటినంతయు రాయలసీమ మీదను, దానినంటియున్న కన్నడ సీమమీదను విడిచినది. కడప జిల్లాలో పింఛా కట్ట తెగినది, దాని దిగువ చెయ్యేటిమీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకొనిపోయి, పులపత్తూరు, మందపల్లి మొదలైన గ్రామములలో ఇండ్లున్నచోట ఇసుక మేటలు వేసినవి, అనేకులు మరణించిరి. పావగడకు అంత దూరము కాని చెన్నేకొత్తపల్లి మండలములో చిత్రావతి నడుమ చిక్కుకొన్నవారిని వైమానికదళపు హెలికాప్టరు వచ్చి పైకి లాగవలసివచ్చినది. కదిరిలో ఇల్లు కూలి పలువురు చనిపోయిరి. కోలారు, చిక్కబళ్ళాపురము జిల్లాలలో కోతకు వచ్చిన రాగి చేలు నీట నానినవి. కట్టకడపట రాయలసీమ నీరు పెన్నలోనికి దిగి నెల్లూరు సీమను ముంచినది. గంటకు 50 కిలోమీటర్ల గాలియైన లేని దానిని చూచి తీరము భయపడలేదు, భయపడవలసిన పనియు లేకుండెను. దానికి జడియవలసిన లోనాడు ఆ గాలి కొలతను చూచి నిశ్చింతగా నుండెను. గాలిని కొలిచి బెదిరింపును నిర్ణయించు పద్ధతి సముద్రపుటొడ్డున పుట్టినది. నీరు పారు వాలును కొలుచు పద్ధతి మనకింకను రావలసియున్నది.

పావగడ పల్లెలలో ఈ నెమ్మదియైన నాశనము ఎట్లు జరుగునో చూడదలచినచో పాత మట్టి మిద్దెను చూడవలయును. రాతిని మట్టితో పేర్చిన గోడలు, వాటిపై దూలములు, దూలములమీద అడ్డకొయ్యలు, వాటిపై ఆకో, బోదయో పరచి మన్ను మెత్తి, అన్నిటిపైన జేనెడు చౌడుమన్ను చల్లుదురు. ఏరుప్రక్కనో చెరువు వెనుకనో తెల్లగా పొట్టెత్తియుండు ఈ ఉప్పునేల మన్ను తడిసినప్పుడు మెత్తబడి రంధ్రములు పూడ్చుకొని నీటిని క్రిందికి దిగనీయదు. అందుచేత ఏటేట వానలకు ముందు బండ్లమీద చౌడు తోలి మిద్దెలపై పరచుట ఈ సీమయందు పూర్వాచారము. వెలుతురు కొరకై కప్పులో విడిచిన గవాచిమీద వాన నాడు బండ మూయుదురు. ఒక పూట ఎంతటి జోరువాన వచ్చినను చౌడు దానిని ఆపి, దోనెలగుండ వీధిలోనికి పంపును. దానికి శక్తి చాలనిది ముసురునకు. మూడు దినములు రాత్రింబగళ్లు విడువక సన్నగా పడు వానకు చౌడు నాని, మన్ను నాని, బరువు రెట్టింపై దూలము వంగును. "మిద్దె ఉరుస్తాంది" అని ఇల్లాలు నట్టింట తపేలాలు పెట్టుట మొదలుపెట్టును. గోడ రాళ్ల నడుమ మట్టి కరగి జారును. వాన వెలిసి ఎండ కాచిన పిమ్మట, ప్రమాదము తప్పినదని అందరును అనుకొన్న తరువాత, నిదానముగా ఒరగి పడు గోడలు కలవు. తీరమున తుపాను చేసిన హత్యలను ఫొటోలు తీయవచ్చును. ఈ గోడ మరునాడో, మూడవనాడో కూలినప్పుడు అది తుపానుచేత కూలినదని వ్రాసికొనువాడుండడు.

ఇటీవల సిమెంటు కప్పులు పెరిగినవి, చౌడు తోలు బండ్లు తగ్గినవి. తిరుమణి, వళ్లూరు, రాయచెర్లు, బాలసముద్రము, క్యాతగానచెర్లు గ్రామముల భూములలో 13 వేల ఎకరములమీద 2050 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము పరచుకొన్నది. అక్కడి రైతులు భూమిని కౌలునకిచ్చి ఏటేట సొమ్ము గ్రహించుచున్నారు. ఆ ఎకరములలో కార్తికపు మబ్బు నష్టమని లెక్కకట్టుదురు. కంచె కివతలి ఎకరములలో అదే మబ్బు కొరకు బోరుబావులవాడు ఎదురుచూచును. వందలాది అడుగుల లోతున, ఫ్లోరైడు కలిసిన నీటిని తోడికొను ఈ పల్లెలకు చెరువొక్కటి నిండినచో రెండేండ్లు ఊరట. ఒక తాలూకాలో ఒకే వానను గూర్చి రెండు అభిప్రాయములుండుట ఇదే మొదలేమో.

వాననేగాక కరవును కొలుచుటయందును కర్ణాటకమునకు అనుభవము హెచ్చు. ఆ రాష్ట్రపు విపత్తుల పర్యవేక్షణ కేంద్రము 1988లో పుట్టినది కరవు పర్యవేక్షణ విభాగముగానే. నేడు గ్రామపంచాయతీకి ఒకటి చొప్పున నిలిపిన స్వయంచాలిత వర్షమాపకములు ఎప్పటికప్పుడు లెక్క పంపుచుండును. మడకశిర వైపున గట్టు దాటినచో ఆంధ్రప్రభుత్వపు లెక్క వేరు, పరిహారము వేరు, అర్జీ వ్రాయు భాష వేరు. గట్టు కిరుప్రక్కల ఒకే అన్నదమ్ములు చేలు పంచుకొన్న చోట, ఒకే రాత్రి ఒకే వానకు తడిసిన పంటను ఇద్దరు అధికారులు వేరువేరు దినములలో వచ్చి చూచుటయు, ఒకరికి నష్టము తేలి మరియొకరికి తేలకపోవుటయు సంభవము.

ఆ పంట వేరుశనగ. ఇక్కడివారి నోట చెనిక్కాయ. జూన్, జూలై మాసములలో విత్తినది నూటపది, నూటఇరువది దినములకు, అనగా సరిగా తుపానుల కాలమునకు చేతికి వచ్చును. ఎర్రనేల ఆరి గట్టిపడినచో చెట్టు పెరుకునప్పుడు కాయలు భూమిలోనే తెగి మిగిలిపోవును గనుక, పెరుకుటకు ముందొక పదును వాన అవశ్యము. అదే వాన పెరికిన తరువాత వచ్చినచో కాయ బూజుపట్టి, పసులకు మేత కావలసిన కట్టె నల్లబడి కుళ్లును. పెరుకకయే విడిచి, ముసురు నాలుగు దినములు పట్టినచో, ఈ సీమలో వేయు గుత్తిరకపు విత్తనములకు నిద్రాగుణము లేనందున, పండిన గింజ నేలలోనే మొలకెత్తును. ఒక దినము ముందైనను నష్టము, ఒక దినము వెనుకైనను నష్టము. వాతావరణ శాఖవారు తుపాను దాటుచోటును ఒక దినము ముందుగా నూరు కిలోమీటర్లలోపు తేడాతో చెప్పగలుగుట తీరమున వేలకొలది ప్రాణములను కాచినది. చెనిక్కాయ రైతునకు మాత్రము ఆ నూరు కిలోమీటర్లలోనే కదిరియు, పావగడయు రెండును పట్టును.

"పెరుకుదామా అన్నా, ఒగ దినం ఆగుదామా?"

"పల్లంలోది పెరుకు. దిన్నె మీదిది ఉండనీ."

నీరు నిలుచు పల్లపు చేనిలోని చెట్టును ముందు పెరికి, మోపులు కట్టి దిన్నెకు మోసి, కాయలు లోపలికిని కొమ్మలు వెలికిని వచ్చునట్లు గుండ్రముగా వామి పేర్చి, పైన పట్ట కప్పి అంచులకు రాళ్లు పెట్టుదురు. గరపనేల గనుక నీరు నిలువని దిన్నెమీది సగమును భూమిలోనే విడుతురు. పట్ట చాలని యింట ఆ రాత్రి పొరుగింటికి పోయి అడుగుదురు. పొరుగింటను వామి యుండును, వారికిని పట్ట చాలియుండదు.